బాలెంత పక్కన కూర్చుందాం, పాటందుకుందాం!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో, చుట్టుపక్కల పల్లెల్లో, తండాల్లో ఉన్న అక్కలారా, అవ్వలారా, అన్నదమ్ములారా!

ఇరవై ఒకటో రోజు మన ఇళ్లల్లో తొట్టెల పండుగ ఎట్లా చేస్తామో మీకు చెప్పాల్సిన పని లేదు. వాకిట్లో టెంటు వేస్తాం, యాటను కోస్తాం, బిడ్డకు మొలతాడు కడతాం, వెండి కడియాలు పెడతాం. వచ్చిన చుట్టాలు తొట్టెలోకి వంగి చూసి, ఒకరు "ముక్కు అచ్చం తాతదే" అంటారు, ఇంకొకరు "రంగు మేనత్తది" అంటారు. ఆ మూలకు నెత్తికి గుడ్డ కట్టుకొని, చెవుల్లో దూది పెట్టుకొని కూర్చున్న బాలెంత మొఖంలోకి మాత్రం ఎవరూ చూడరు. చూసినా "పచ్చి బాలెంత గదా, నీరసముంటది" అని బంతి దగ్గరికి పోతారు.

కొందరిది ఒట్టి నీరసం కాదు. బిడ్డ నిద్రపోయినా వాళ్లకు నిద్ర పట్టదు. పత్యం కూర ముందర పెడితే ముద్ద దిగదు. బిడ్డ ఏడుస్తుంటే ఎత్తుకోవాలని తెలుసు, చేతులు రావు. పాలిస్తూ బిడ్డ వైపు కాక గోడ వైపు చూస్తుంటారు. అట్లాంటి తల్లి, ఇంటిల్లిపాదీ మురిసిపోతున్న ఈ బిడ్డ మీద తనకొక్కదానికే పాయిరం ఎందుకు పుట్టడం లేదో తెలియక, తానే చెడ్డ తల్లినని లోపల్లోపల కుమిలిపోతుంటుంది. ఆ మాట నోరు తెరిచి ఎవరితోనూ అనదు. అంటే ఏం వినాల్సి వస్తుందో ముందే తెలుసు. "పండంటి బిడ్డను పెట్టుకొని రంది ఏందే నీకు?" "మేం కనలేదా, మేం పెంచలేదా?" "ఈ కాలం పిల్లలకు పని చేతగాక వేషాలు."

వేషాలు కావు తల్లీ, జబ్బు. దీనికి మందులున్నాయి, మాటసాయంతో చేసే చికిత్స ఉంది. వాటికి తోడుగా మన ఇళ్లల్లోనే ఉండి, ఈ మధ్య మనం పక్కన పెట్టేసినది ఇంకొకటుంది. పాట. దాని గురించే ఈ కరపత్రం. మేం ఏ పార్టీ వాళ్లమూ కాదు. ఓట్లు అడగం, చందాలు అడగం. మీ గొంతు అడుగుతున్నాం.

పదిమంది తల్లుల్లో ఇద్దరు

కాన్పు అయిన రెండో మూడో రోజున ఊరికే ఏడుపు రావడం, చిరాకు, గుబులు చాలామంది తల్లులకు ఉంటాయి. ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నొప్పులు, నిద్ర లేకపోవడం దానికి కారణం. రెండు వారాల్లో అదే సర్దుకుంటుంది. రెండు వారాలు దాటినా దిగులు పోలేదంటే, లేక నెలా రెండు నెలలు బాగుండి ఆ తర్వాత పట్టుకుందంటే, దాన్ని డాక్టర్లు పోస్ట్‌పార్టమ్ డిప్రెషన్ అంటారు. బిడ్డ పుట్టిన ఏడాదిలోపు ఎప్పుడైనా రావచ్చు. కడుపుతో ఉండగానే మొదలయ్యేదీ ఉంది.

ఇదేదో పట్నపోళ్ల జబ్బు, చదువుకున్నోళ్ల జబ్బు అనుకునేవాళ్లకు ఒక లెక్క. మన దేశంలో జరిగిన 38 పరిశోధనల్ని, 20 వేలకు పైగా తల్లుల వివరాల్ని ఒక్కచోట చేర్చి చూసిన ఫలితం 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయింది. నూటికి 22 మంది తల్లుల్లో ఈ జబ్బు కనిపించింది. టీకాల రోజు అంగన్‌వాడీ ముందర పదిమంది తల్లులు బిడ్డల్ని ఎత్తుకొని నిలబడితే, అందులో ఇద్దరు అన్నమాట. ఆ ఇద్దరెవరో చూసి చెప్పడం కష్టం. ఫొటోలో వాళ్లూ నవ్వుతారు.

ఎవరికి ఎక్కువగా వస్తుందో కూడా చాలావరకు తెలిసిన సంగతే. గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం తల్లులను పరిశీలించి 2002లో అచ్చువేసిన వ్యాసంలో పేదరికం, మొగుడితో పడకపోవడం, అతని చేతి దెబ్బలు, ఆడపిల్ల పుట్టడం, ఇవన్నీ ఈ దిగులుతో ముడిపడి కనిపించాయి. ఆడపిల్ల పుడితే తల్లికి జబ్బెందుకు రావాలి? "మళ్లీ ఆడపిల్లేనా" అని ఆసుపత్రి వరండాలో మొఖం ముడుచుకున్నవాళ్ల వల్ల వస్తుంది. ఆడో మగో తేలేది తండ్రి కణంతో. పదో తరగతి పాఠంలోనే ఉంది ఆ సంగతి. ఆ తరగతి పాసైన మొగుళ్లు కూడా నింద మాత్రం భార్య మీదే వేస్తారు.

దానికి తోడు కోతలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81. కడుపు మీద కుట్లున్న తల్లి పక్కకు తిరగాలంటే మంచం పట్టె పట్టుకోవాలి, లేచి కూర్చోవాలంటే ఒకరు వీపు కింద చెయ్యి వేయాలి. బిడ్డ ఏడ్చినప్పుడు చటుక్కున ఎత్తుకోలేని తల్లికి, ఎత్తుకోనందుకు మాటలు. అదే సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. రక్తం లేని ఒళ్లు, కుట్లు, నిద్రలేని రాత్రులు, పైన సూటిపోటి మాటలు. ఇన్నిటి మధ్య "నవ్వుతూ ఉండాలమ్మా, పాలు పడతాయి" అని ఒక సలహా!

బిడ్డ పిలుస్తుంది

రెండు నెలలు నిండిన సంటిపిల్లను మొఖంలో మొఖం పెట్టి పలకరించండి. కాళ్లు తంతుంది, నోరు గుండ్రంగా చుడుతుంది, "ఉంగా" అంటుంది. మీరూ "ఉంగా" అంటే ఇంకోటి అంటుంది. మీరు ఆగితే మీ కోసం చూస్తుంది. మాటలు రాకముందే నడిచే ముచ్చట అది.

1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త తల్లులను బిడ్డల ఎదురుగా కూర్చోబెట్టి, కాసేపు నవ్వకుండా, పలకకుండా, మొఖంలో ఏ కదలికా లేకుండా ఉండమన్నాడు. బిడ్డలు ముందు నవ్వి పిలిచారు. చేతులాడించారు. తల్లి ఎంతకీ పలకకపోయేసరికి మొఖం తిప్పుకొని ముడుచుకుపోయారు. దిగులు జబ్బు పట్టిన తల్లి మొఖం, ఆమె కావాలనుకోకపోయినా, చాలాసార్లు అట్లాగే బిగుసుకుపోతుంది. బిడ్డ పిలుస్తుంది, జవాబు రాదు. మెల్లమెల్లగా పిలవడం తగ్గిస్తుంది. "నా బిడ్డే నా దిక్కు చూస్తలేదు" అని తల్లి ఇంకో మెట్టు కిందికి దిగుతుంది.

ఇది చదివి ఏ తల్లీ భయపడొద్దు. ఆ ప్రయోగంలోనే తల్లి మళ్లీ నవ్వి చేతులు చాచితే, బిడ్డ కాసేపు బెట్టు చేసి మళ్లీ దగ్గరైంది. తల్లీబిడ్డల మధ్య పాయిరం కాన్పు గదిలోనే పుట్టి తీరాలన్న రూలు ఎక్కడా లేదు. కొందరికి మూడో నెలలో పుడుతుంది, కొందరికి ఆరో నెలలో. ఎత్తుకోగా, తుడవగా, ఊపగా, పలకరించగా వస్తుంది. ముందు పని, వెనక పాయిరం. ఆ పనుల్లో అన్నిటికంటే తేలికైనది పాట. దానికి పైసా ఖర్చు లేదు, కుట్లున్నా నొప్పి పుట్టదు, పడుకొని కూడా పాడవచ్చు.

కడుపులో ఉండగానే బిడ్డ తల్లి గొంతు వింటుంది. పుట్టిన రెండు మూడు రోజులకే పరాయి ఆడవాళ్ల గొంతు కంటే తల్లి గొంతును ఎక్కువ కోరుకుంటుందని 1980లోనే అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు నిరూపించారు. 2015లో కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు ఏడాది లోపు పిల్లలకు మాటలూ పాటలూ వినిపించి చూశారు. మాటలు వింటూ ఏడవకుండా ఉన్న సమయం కంటే పాట వింటూ ఉన్న సమయం దాదాపు రెట్టింపు, సగటున తొమ్మిది నిమిషాలు. పాడింది ఏ భాషలో అనుకున్నారు? ఆ పిల్లల ఇళ్లల్లో ఎవరికీ రాని టర్కీ భాషలో! కాబట్టి తండాలో తల్లి గోర్‌బోలిలోనే పాడనీయండి, ముస్లిం ఇంట్లో నానమ్మ ఉర్దూ లోరీయే పాడనీయండి. బిడ్డకు వ్యాకరణంతో పని లేదు.

"పాడు" అని ఆజ్ఞ వేయకండి

ఈ మాట మాత్రం జాగ్రత్తగా చదవండి. ఈ కరపత్రం చదివి ఇంటికి పోయి "అందరూ పాడుతున్నరట, నువ్వు ఎందుకు పాడవే" అని కోడలి మీద ఎగిరే అత్తలుంటారని మాకు భయం.

అమెరికాలో సంగీత చికిత్స పరిశోధకురాలు షానన్ డి లెట్వాల్, దిగులుతో ఉన్న తల్లులు బిడ్డలకు పాడిన పాటలను పరిశీలించి 2011లో ఒక వ్యాసం అచ్చువేశారు. ఆ తల్లులు స్వరం తప్పలేదు, గొంతూ బాగానే ఉంది. లేనిది ఒకటే. మామూలుగా తల్లి బిడ్డ మొఖం చూసుకుంటూ పాట వేగం తగ్గిస్తుంది, పెంచుతుంది, గొంతులో మురిపెం కలుపుతుంది. దిగులున్న తల్లి పాటలో ఆ సర్దుబాటు తగ్గిపోయింది, పాఠం అప్పజెప్పినట్టు సాగింది. అంటే జబ్బు పాటలోకి కూడా దూరుతుంది. అట్లాంటి తల్లిని ఒంటరిగా కూర్చోబెట్టి పాడమంటే ఆమెకు అదొక పరీక్ష, ఫెయిలైతే ఇంకో నింద.

మరేం చేయాలి? నలుగురి నడుమ పాడించాలి. లండన్‌లో డైసీ ఫాన్‌కోర్ట్, రోసీ పెర్కిన్స్ అనే ఇద్దరు పరిశోధకులు 134 మంది దిగులున్న తల్లులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపు పది వారాల పాటు వారానికోసారి బిడ్డలతో కలిసి కూర్చొని పాటలు పాడింది. ఇంకో గుంపు బిడ్డలతో ఆటలాడింది. మూడో గుంపు మామూలు వైద్యంతో ఉంది. 2018లో ఫలితం అచ్చయింది. కాలం గడిచేకొద్దీ మూడు గుంపుల్లోనూ బాధ తగ్గింది. కానీ జబ్బు కాస్త ముదిరిన తల్లుల్లో, పాటల గుంపులో ఉన్నవాళ్లు మామూలు వైద్యంలో ఉన్నవాళ్ల కంటే తొందరగా, మొదటి ఆరు వారాల్లోనే తేరుకున్నారు. బిడ్డ చిన్నగా ఉన్నప్పుడు ఒక్కో వారం ఒక్కో ఏడుతో సమానం. అంత తొందరగా తేరుకోవడం చిన్న సంగతేమీ కాదు.

లండన్ తల్లులకు పాటలు నేర్పడానికి మనుషుల్ని పెట్టుకోవాల్సి వచ్చింది. మనకు ఆ ఖర్చు ఎందుకు?

మనది గొంతున్న నేల

సూర్యాపేట తాలూకా పల్లెల్లో ఒకప్పుడు, నైజాం మీద జనం తిరగబడ్డ రోజుల్లో, సంఘం సభ అంటే ముందు పాట, తర్వాతే మాట. సుద్దాల హనుమంతు లాంటి పాటగాళ్లు గోసిగొంగళ్లతో వచ్చి పాడితే నైజాం పోలీసులున్నా జనం కదిలేవాళ్లు. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద భేరీల మోతకు లక్షల గొంతులు "ఓ లింగా" అంటాయి. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఉయ్యాల పల్లవి పడని వాడ మన మూడు పట్టణాల్లో ఒక్కటి లేదు. ఆ ఉయ్యాలను బతుకమ్మకే ఇచ్చి, ఇంట్లో ఉయ్యాల్లో ఉన్న బిడ్డకు ఎందుకు ఇవ్వడం లేదో మన ఆడవాళ్లే చెప్పాలి.

జోలపాటలను పండితులు చిన్నచూపు చూసిన రోజుల్లో బిరుదురాజు రామరాజు ఊళ్లు తిరిగి జానపదుల పాటలు సేకరించి, ఉస్మానియాలో వాటి మీదే డాక్టరేటు చేశారు. 1958లో అది "తెలుగు జానపద గేయ సాహిత్యము" పుస్తకంగా వచ్చింది. పుస్తకంలో పాట భద్రంగానే ఉంది. నోళ్లల్లో పలచబడుతున్నది. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు పడేటప్పుడు వరుసగా వంగిన ఆడవాళ్లు ఒకరు చెబితే పదిమంది అందుకునేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల నాటు మిషన్లు దిగాయి, లేదా బీహార్, బెంగాల్ నుంచి ముఠాలు వచ్చి నాట్లేసి పోతున్నాయి. వాళ్లను తప్పుపట్టడం లేదు, వాళ్లూ కూలికొచ్చిన బిడ్డలే. కానీ మన ఆడవాళ్లు కలిసి పాడే చోట్లు ఒకటొకటిగా మూతపడ్డాయన్నది నిజం. కొత్త చోటు మనమే తెరవాలి.

ఇక ఫోను. "యూట్యూబ్‌లో జోలపాట పెట్టినం, పండుకున్నది" అని చాలా ఇళ్లల్లో తృప్తి. ఫోనులో పాడే అమ్మాయి గొంతు మీ గొంతు కంటే తియ్యగానే ఉండొచ్చు. కానీ బిడ్డ "ఉంగా" అన్నప్పుడు ఆ అమ్మాయి ఆగదు. బిడ్డ కళ్లు మూతలు పడుతుంటే గొంతు తగ్గించదు. ఫోను పాట అక్కడితో ఆగిపోతుంది. గొంతు బొంగురైనా, శ్రుతి లేకపోయినా, మీరే పాడండి. విమర్శించే వయసు కాదు బిడ్డది.

నీళ్లు పోసే పొద్దున మొదలుపెట్టండి

బిడ్డకు నీళ్లు పోసే అవ్వను చూశారు గదా. చీర మోకాళ్ల దాకా ఎగదోసి, పీట మీద కాళ్లు చాపుకొని కూర్చుంటుంది. బిడ్డను బోర్లా తన కాళ్ల మీద పడుకోబెట్టుకుంటుంది. వీపుకు నూనె రాస్తూ, నలుగు పెడుతూ, ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. అది సగం మాట, సగం పాట. చేతి ఊపుకు తగ్గ దరువు. వెల్లకిలా తిప్పి కాళ్లూ చేతులూ సాగదీస్తున్నప్పుడు ఆ దరువు మారుతుంది. ఆఖరి చెంబు నీళ్లు దిగదుడిచి పోసేటప్పుడు ఇంకోలా మారుతుంది. ఏ కాలేజీలో చదివింది ఈమె సంగీత చికిత్స?

అదే మన బడి. బాలెంతను ఆ సమయంలో లోపలి గదిలో వదిలేయకుండా, అవ్వ పక్కన పీట వేసి కూర్చోబెట్టండి. మొదటి రోజు ఏమీ చేయమనకండి. చూడనివ్వండి. నాలుగు రోజులు పోయాక చెంబు చేతికివ్వండి, నీళ్లు తానే పోస్తుంది. తర్వాత తుండు పట్టుకొని బిడ్డను తన ఒళ్లోకి అందుకోనివ్వండి. అవ్వ పాట ఆపొద్దు. అది రోజూ ఒక్కటే పాటైతే మంచిది. పిల్లలకు కొత్తదనంతో పని లేదు, విన్నదే వినడం వాళ్లకిష్టం. పాట మనసులో పడిపోయాక ఏదో ఒక పొద్దున తల్లి పెదవులు కదుల్తాయి. ఆ రోజు "అరె, పాడుతున్నవే!" అని చప్పట్లు కొట్టకండి. చూడనట్టే ఉండండి.

పాడలేకపోతే కూనిరాగం చాలు. అది కూడా రాకపోతే బిడ్డను ఎదకు ఆనించుకొని అవ్వ పాటకు వీపు మీద దరువు వేస్తే చాలు. ఒక చరణం అయ్యాక ఆగి, బిడ్డ మొఖంలోకి చూడాలి. బిడ్డ ఏదో ఒకటి చేస్తుంది, కాలో చెయ్యో కదుపుతుంది, కళ్లు పెద్దవి చేస్తుంది. దాన్ని జవాబుగా తీసుకొని మళ్లీ అందుకోవాలి. రోజుకు ఐదు నిమిషాలు చాలు. ఆమెకు చేతకాని రోజున అవ్వో, ఆడబిడ్డో, తండ్రో పాడతారు. ఒక పూట తప్పితే బిడ్డకు నష్టమేమీ లేదు.

తండ్రీ, నీతో ఒక మాట. మిల్లులో హమాలీ పని చేసి వచ్చావో, హైవే మీద లారీ నడిపి వచ్చావో, నీకూ అలసటే. కానీ రాత్రిపూట నీ భార్యకు నాలుగైదు గంటలు ఏకధాటిగా నిద్ర పడితే సగం వైద్యం జరిగినట్టే. పాలిచ్చాక బిడ్డను నీ భుజాన వేసుకొని వాకిట్లో తిరుగు. నీకొచ్చిన సినిమా పాటే పాడు. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

పాట మందుకు బదులు కాదు

ఇది పెద్ద అక్షరాలతో అచ్చువేయాల్సిన మాట. పాట తోడు. మందు అవసరమైన తల్లికి మందే కావాలి. దిగులు రెండు వారాలు దాటితే సూర్యాపేట ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికో, మిర్యాలగూడ ఏరియా ఆసుపత్రికో, కోదాడ ప్రభుత్వ ఆసుపత్రికో తీసుకుపోండి. రక్తం, థైరాయిడ్ పరీక్షలు చేయమని అడగండి. ఆ రెంటి లోపం కూడా దిగులు రూపంలో కనిపిస్తుంది. పాలిస్తున్న తల్లులు వాడదగ్గ మందులున్నాయి. ఏది వాడాలో డాక్టరే చెప్తారు. వాడుతున్న మందును "ఇప్పుడు బాగనే ఉన్నది గదా" అని మధ్యలో ఆపించకండి.

ఫోను చేసి మాట్లాడాలన్నా దారి ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్, నంబరు 14416. రాత్రీ పగలూ, పైసా ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడతారు. పేరు చెప్పాల్సిన బలవంతం లేదు.

కొన్ని గుర్తులు కనబడితే రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగకూడదు. రెండు మూడు రాత్రులుగా అసలు నిద్ర లేకుండా తిరగడం, ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడుతున్నదనడం, ఈ బిడ్డ నా బిడ్డ కాదనడం, అర్థంలేని అనుమానాలు, తాను చచ్చిపోతాననో బిడ్డను ఏదైనా చేస్తాననో అనడం. ఇది వేరే జబ్బు, అరుదే గాని ప్రమాదం. గాలి సోకిందని వేపమండలతో కొట్టించకండి, తాయెత్తు కోసం ఊళ్లు తిప్పకండి. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకుండా 108కి ఫోను చేయండి. చికిత్స చేస్తే తేరుకునే జబ్బే ఇది.

ఆసుపత్రిలో ఉంచాల్సి వస్తే బిడ్డను తల్లి నుంచి లాగేస్తారని కొందరు భయపడి దాచిపెడతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ చదవండి. మానసిక చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్ల లోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లీబిడ్డలను కలిపే ఉంచి వైద్యం చేసే వార్డు నడుస్తున్నది. అట్లాంటిది మనకెందుకు ఉండకూడదు? సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. రెండు పడకలతో మొదలుపెట్టినా చాలు. ఓట్లకొచ్చినప్పుడు ఈ మాట అడగండి.

మేం అడుగుతున్నది

ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డను చూడటానికి ఆశా అక్క ఆరుసార్లు ఇంటికి వస్తుంది. మూడో రోజు, ఏడో రోజు, 14, 21, 28, 42 రోజుల్లో. బిడ్డ బరువు చూస్తుంది, జ్వరం చూస్తుంది, బొడ్డు చూస్తుంది. ఆ ఆరుసార్లూ తల్లిని రెండు ప్రశ్నలు అడిగితే చాలు. ఈ నెల రోజులుగా దిగులుగా, ఏ ఆశా లేనట్టుగా అనిపిస్తున్నదా? ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీద మనసు పోవడం లేదా? ఇంగ్లండులో బాలెంతలను అడగమని చెప్పే ప్రశ్నలు కూడా ఇట్లాంటివే. అవునంటే పీహెచ్‌సీకి పంపాలి. అడిగేటప్పుడు అత్త పక్కన ఉండకూడదు, అది ముఖ్యం.

ఆశా అక్కతో ఏమవుతుంది అనకండి. పాకిస్తాన్‌లో రావల్పిండి పల్లెల్లో డాక్టర్ ఆతిఫ్ రహ్మాన్ బృందం, మన ఆశాల వంటి లేడీ హెల్త్ వర్కర్లకు తర్ఫీదు ఇచ్చి, దిగులున్న తల్లుల ఇళ్లకు మాటసాయానికి పంపింది. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి, మామూలుగా పలకరించి వచ్చిన చోట నూటికి 53 మంది తల్లులు దిగులులోనే ఉన్నారు. తర్ఫీదు పొందినవాళ్లు వెళ్లిన చోట 23 మందే. 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ఇది. అయితే మన ఆశాల నెత్తిన ఇప్పటికే ఎన్ని రిజిస్టర్లున్నాయో అందరికీ తెలుసు. ఈ పని అప్పజెప్పేటప్పుడు తర్ఫీదు, పారితోషికం రెండూ ఇవ్వాలి. ఉత్త దండం పెట్టి పంపితే కుదరదు.

మిగతాది మన చేతిలోనిదే. బుధవారం, శనివారం టీకాల రోజులు. సూది వేయించుకొని, బిడ్డ ఏడుస్తుంటే గాభరాగా ఇంటికి పరుగెత్తడం మన అలవాటు. ఇకనుంచి టీకా అయ్యాక అరగంట అక్కడే, అంగన్‌వాడీ అరుగు మీదో వేపచెట్టు కిందో కూర్చుందాం. గర్భిణులు, బాలెంతలు, వాళ్లతో వచ్చిన అవ్వలు. టీకా వేశాక అరగంట ఆగమని నర్సమ్మ ఎట్లాగూ చెబుతుంది. ఆ అరగంట పాటది. వాడలో పాటలు తెలిసిన అవ్వలు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వాళ్లను పిలవండి, బతిమాలండి, రిక్షాకో ఆటోకో డబ్బులిచ్చి తీసుకురండి. ఒక అవ్వ పాడుతుంటే తల్లులు అందుకోవాలి. ఎవరి బిడ్డ ఎవరి ఒళ్లోనైనా ఉండొచ్చు. మాట్లాడాలనుకున్న తల్లి మాట్లాడుతుంది, వద్దనుకుంటే ఊరికే కూర్చుంటుంది. మొదటి వారం నలుగురే వస్తారు, నవ్వుకునేవాళ్లు నలభై మంది ఉంటారు. మళ్లీ వారం కూర్చోండి.

ఒక్క నియమం పెట్టుకుందాం. ఆ అరగంటలో "పాలు పడుతున్నయా", "ఆపరేషనా, నార్మలా", "మళ్లీ మగపిల్లాడికి చూస్తరా" అనే ప్రశ్నలు బంద్.

వచ్చే బుధవారం పొద్దున పది గంటలకు మీ అంగన్‌వాడీ దగ్గర. వచ్చేటప్పుడు టీకా కార్డు, ఒక చాప, పాట తెలిసిన ఒక ముసలవ్వ. అన్నదమ్ములారా, ఈ కాగితం బస్టాండులో పారేయకుండా ఇంటికి పట్టుకుపోండి. 14416 నంబరు ఇప్పుడే ఫోనులో వేసుకోండి.